తప్పు జవాబు ఏం చెబుతోంది?

(గిడుగు రామమూర్తి పంతులుగారి స్మృతికి అంకితమైన ఉపన్యాసం)



గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు చెప్పగానే వాడుక భాష ఉద్యమం గుర్తొస్తుంది. ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేస్తాం, తెలుగు గురించి నాలుగు మాటలు చెప్పుకుంటాం, ఇళ్లకు వెళ్లిపోతాం. ఆయన బడిపంతులన్న సంగతి మాత్రం ఎప్పుడూ వెనకబడిపోతుంది. 1863లో పుట్టిన మనిషి 1880లో, అంటే ఇప్పటి లెక్కలో ఇంటర్మీడియట్ చదివే వయసులో, పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెప్పడానికి చేరారు. అక్కడి కొండల్లోని సవరలకు చదువు చెప్పాలన్న ఆలోచన వచ్చినప్పుడు వెంటనే వాచకం రాయడానికి కూర్చోలేదు. సవరా తెలుగూ రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ముందు తాను వాళ్ల భాష నేర్చుకున్నారు. అందుకు ఏళ్లు పట్టింది. ఆ తర్వాతే సవర భాషలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్లు పెట్టి పంతుళ్లకు జీతాలిచ్చారు.

వాడుక భాష గొడవ మొదలైంది కూడా తరగతి గదిలోనే. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాలకు బళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చి, పిల్లలు మాట్లాడే తెలుగుకూ వాళ్ల చేత చదివిస్తున్న తెలుగుకూ పొంతన లేదేమిటని అడిగాడు. ఆ ప్రశ్న గిడుగు వారిని పట్టుకుని చివరిదాకా వదల్లేదు. పండితులతో ఆయన చేసిన యుద్ధం గురించి నాకన్నా బాగా చెప్పగలిగినవాళ్లు ఈ సభలో ఉన్నారు, నేను ఆ జోలికి పోను. పిల్లవాడికి ఏం చెప్పాలో తేల్చుకునే ముందు వాడి బుర్రలో ఇప్పటికే ఏముందో కనుక్కోవాలన్న పంతులుగారి పద్ధతి ఒకటి ఉంది చూశారా, దాన్ని పట్టుకుని మన నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లోకి వస్తాను.

మన బళ్లలో అన్నిటికన్నా ఎక్కువసార్లు వినిపించే ప్రశ్న "అర్థమైందా?" అన్నది. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఏ బడి కిటికీ పక్కన నిలబడ్డా అది చెవిన పడుతుంది. దాని వెనకాలే "అయిందండీ" అనో "అయింది సార్" అనో రాగం తీసిన కేక. ఆ కేక ముందు బెంచీల్లో పుట్టి వెనక్కి పాకుతుంది. పిల్లలు అబద్ధమాడుతున్నారని అనను. ఆ ప్రశ్నకు ఆ జవాబే ఇవ్వాలన్నది బడిలో చేరిన మొదటి వారంలో వాళ్లు నేర్చుకున్న మర్యాద. "కాలేదండీ" అంటే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. అదే పాఠం, అవే మాటలతో, ఇంకాస్త గట్టిగా మళ్లీ వినాలి. పక్కవాళ్లు తిరిగి చూస్తారు. అన్నిటికీ మించి, అర్థం కాని పిల్లకు తనకు అర్థం కాలేదన్న సంగతే చాలాసార్లు తెలియదు.

దీనికి తోబుట్టువు ఇంకో అలవాటు: వాక్యం సగంలో ఆపి మిగతా సగం పిల్లల చేత పలికించడం. "మొక్కలు ఆహారం తయారుచేసుకోవడాన్ని కిరణజన్య..." అని మనం ఆగుతాం. "సంయోగక్రియ!" అని గది దద్దరిల్లుతుంది. పాఠం దివ్యంగా సాగుతున్నట్టే ఉంటుంది. అదే తరగతిని కిటికీలోంచి కనిపించే చింతచెట్టు చూపించి, ఇంత కొయ్య దీనికి ఎక్కడినుంచి వచ్చిందని అడగండి. ఎక్కువమంది మట్టిలోంచి అంటారు. ఎరువులోంచి అనేవాళ్లూ ఉంటారు. గాలిలోంచి, నీళ్లలోంచి అన్నవాళ్లు దొరికితే ఆ బడి అదృష్టం. చెట్టు బరువులో అధికభాగం గాలిలోని కార్బన్ డయాక్సైడు నుంచీ నీటి నుంచీ కట్టుకున్నదే. కిరణజన్య సంయోగక్రియ అని నోరారా పలికిన పిల్లలకు ఆ పాఠం చెబుతున్నది ఇదేనని తెలియదు. వాళ్లకు తెలియదని మనకు తెలియదు. రెండోది మరింత ప్రమాదం.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. తరగతి దగ్గర ఆ సామెత చెల్లదు. ఒకే ఎసట్లో పడ్డా ఇక్కడ ఏ మెతుకుకు ఆ మెతుకే. పైగా మనం పట్టి చూసేది ఎప్పుడూ ముందు బెంచీలో చెయ్యెత్తే పిల్లనే.

మరి నలభైమందిని ఒకేసారి ఎలా చూడటం? దీనికి కొత్త సామాన్లు అక్కర్లేదు, పలక చాలు. ప్రశ్న బోర్డు మీద రాయండి. పక్కవాళ్లతో మాట్లాడకుండా అందరూ పలక మీద జవాబు రాయాలి, మీరు చెప్పినప్పుడు అందరూ ఒక్కసారే ఎత్తాలి. ఒక్కసారే అన్నది ముఖ్యం. ఒకరి తర్వాత ఒకరు ఎత్తితే మూడో పలక నుంచి జవాబులన్నీ ఒకటే అవుతాయి. పలకలు లేని పై తరగతుల్లో రఫ్ నోటు పుస్తకంలో పేజీ నిండా పెద్ద అక్షరాలతో రాయించినా పని జరుగుతుంది. ఊపిరి తీసుకున్నంతసేపట్లో తరగతి మొత్తం మీ కళ్లముందు పరుచుకుంటుంది.

ఇక ఏ ప్రశ్న అడగాలన్నది. అందరూ సరిగ్గా రాసే ప్రశ్న వల్ల మీకు సంతోషమే తప్ప సమాచారం రాదు. మూడో తరగతికి 52 లోంచి 27 తీసేయమని ఇవ్వండి. కొన్ని పలకల మీద 25 ఉంటుంది. చాలా పలకల మీద 35 ఉంటుంది. అక్కడక్కడా 79 కూడా.

35 రాసిన పిల్లవాడిని "అజాగ్రత్త" అంటాం. ప్రోగ్రెస్ రిపోర్టులో ఆ మాట రాయడం మనకెంత అలవాటో! నిజానికి వాడు చాలా జాగ్రత్తగా ఒక నియమం పాటించాడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలి. ఒకట్ల స్థానంలో రెండూ ఏడూ ఉన్నాయి, పెద్దది ఏడు, అందులోంచి రెండు పోతే అయిదు. పదుల స్థానంలో అయిదులోంచి రెండు పోతే మూడు. ఈ నియమం వాడు ఊహించుకున్నదేమీ కాదు. అప్పు తెచ్చుకోవాల్సిన అవసరం లేని లెక్కలు వారాల తరబడి చేయించినప్పుడు ప్రతిసారీ వాడికి మార్కులు తెచ్చిపెట్టిన నియమమే అది. 1978లో బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు పిల్లల తీసివేత తప్పుల్ని కూర్చుకుని చూస్తే తేలింది ఇదే: వాటిలో చాలా భాగం పరాకు వల్ల వచ్చినవి కావు, ఒక తప్పు పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించడం వల్ల వచ్చినవి.

79 రాసిన పిల్ల సంగతి వేరు. ఆ పిల్ల గుర్తు చూడలేదు, లేదా తీసివేత గుర్తుకు అర్థం తెలియదు. ఎర్ర సిరాతో ఇద్దరికీ ఒకే ఇంటూ పెడతాం. ఇద్దరికీ కావలసిన వైద్యం ఒకటి కాదు. 35 పిల్లవాడికి బోర్డు మీద అప్పు తెచ్చుకోవడం పదిసార్లు చూపించినా వాడికది ఇంకో మంత్రంలాగే ఉంటుంది. పదేసి పుల్లల కట్టలు అయిదు, విడిగా రెండు పుల్లలు చేతికిచ్చి, నాకు ఇరవై ఏడు ఇవ్వరా అనండి. రెండు కట్టలిచ్చాక వాడి చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, తర్వాత మూడో కట్ట విప్పుతుంది. అప్పు అంటే ఏమిటో వాడికి తెలిసేది అప్పుడే.

దశాంశాల దగ్గర ఇలాంటిదే ఇంకొకటుంది. 0.35, 0.4 ఈ రెంటిలో ఏది పెద్దదని ఆరో తరగతిలో అడగండి. 0.35 అన్న పలకలు లేస్తాయి. "సున్నా పాయింట్ ముప్పై అయిదు" అని చదివించేది మనమే, ముప్పై అయిదు నాలుగుకన్నా పెద్దదని నేర్పిందీ మనమే. "పాయింట్ మూడు అయిదు" అని చదివించడం మొదలుపెడితే సగం చిక్కు విడిపోతుంది. మిగతా సగానికి రూపాయి, పైసల సాయం తీసుకోవచ్చనుకోండి. పైసా చూడని పిల్లలకు అదెంతవరకు పనికొస్తుందో నాకు అనుమానమే. స్కేలు మీద సెంటీమీటర్లు, మిల్లీమీటర్లు మేలు.

తెలుగు పంతుళ్లు నవ్వుకోనక్కర్లేదు. డిక్టేషన్‌లో "భాష"ను "బాష" అని రాసే పిల్లను చూసి నొచ్చుకుంటాం. ఆ పిల్ల ఇంట్లో, వీధిలో, బస్సులో విన్నదీ పలికేదీ అదే. చెవి సరిగ్గా పనిచేస్తోంది, చెయ్యి చెవి మాట వింటోంది. వొత్తు పలకమని కసిరితే ప్రయోజనం ఉండదు. ఆ అక్షరం కంటితో నేర్చుకోవాల్సింది, చదవగా చదవగా వస్తుంది. "పుస్తకం"ను "పుసతకం" అని రాసే పిల్లవాడికి వచ్చిన ఇబ్బంది ఇంకోటి. వాడికి హల్లు కింద హల్లు చేరే సంగతే ఇంకా పట్టుబడలేదు. ఈ రెండు తప్పుల్నీ ఒకే గాట కట్టి ఇద్దరి చేతా ఇరవైసార్లు రాయించడం మన తరగతుల్లో రోజూ జరిగే పని. సవర నేర్చుకోవడానికి అన్నేళ్లు ఓపిక పట్టిన పంతులుగారు దీన్ని చూస్తే ఏమంటారో మీరే అనుకోండి.

ప్రశ్న వేశాక ఏం చేయాలి? ఏమీ చేయకూడదు. మేరీ బడ్ రో అనే సైన్సు విద్యా పరిశోధకురాలు 1970ల్లో అమెరికా తరగతి గదుల్ని టేపుల్లో రికార్డు చేసి, ప్రశ్నకూ ఆ తర్వాత టీచరు మళ్లీ నోరు తెరవడానికీ మధ్య ఎంతసేపుందో కొలిచింది. సగటున ఒక్క సెకను. ఆ లోగా జవాబు రాకపోతే టీచరే చెప్పేయడమో ఇంకొకరిని లేపడమో జరుగుతోంది. ఆ విరామాన్ని మూడు సెకన్లకు, ఆ పైకి పెంచితే జవాబులు పొడవయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు మాట్లాడారు. మూడు సెకన్లంటే ఎంత, అనిపిస్తుంది. బోర్డు ముందు నిలబడి నలభై జతల కళ్ల మధ్య ఆ మూడు సెకన్లు నోరు మూసుకుని చూడండి, తెలుస్తుంది. పైగా పర్యవేక్షణకు వచ్చిన అధికారికి మౌనంగా ఉన్న తరగతి పాఠం జరగని తరగతిలాగే కనిపిస్తుంది. మన సిస్టంలో మాట్లాడే పంతులే పనిచేసే పంతులు.

ఇంకో చిన్న మెలిక. "లక్ష్మీ, నువ్వు చెప్పు" అని ముందే పేరు పిలిచి ప్రశ్న వేస్తే మిగతా అందరూ ఊపిరి పీల్చుకుని పక్కకు జారుకుంటారు. ప్రశ్న ముందు వేసి, ఆగి, ఆ తర్వాత పేరు పిలవాలి. ఎవర్ని పిలవాలో డబ్బాలో వేసిన పేర్ల చీటీలు తేలుస్తాయి. తెలియదన్న పిల్లను వదిలేయకుండా, మరో ఇద్దరి జవాబులు విన్నాక మళ్లీ ఆమె దగ్గరకే వచ్చి, వాళ్లిద్దరిలో ఎవరితో ఏకీభవిస్తావని అడగాలి. ఇదంతా తప్పు చెబితే నవ్వని తరగతిలోనే సాగుతుంది. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడంతోపాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం చాలావరకు పోయింది గానీ వెటకారం పోలేదు. బెత్తానికి భయపడ్డ పిల్లవాడు కనీసం ఏదో ఒకటి చెప్పేవాడు. వెటకారానికి భయపడ్డవాడు నోరే తెరవడు. వాడు ఏమనుకుంటున్నాడో తెలిసే ఆ ఒక్క దారీ మూసుకుపోతుంది.

నోటు పుస్తకాల దిద్దుబాటు గురించి ఎక్కువ చెప్పను, చెబితే మీకు కోపం వస్తుంది. పేజీకో టిక్కు, చివర సంతకం, తేదీ. అది పిల్లల కోసం కాదని మనందరికీ తెలుసు. రూత్ బట్లర్ 1988లో ఇజ్రాయెల్ బడిపిల్లల మీద చేసిన అధ్యయనంలో కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి ఎక్కడ ఏం చేయాలో చెప్పే వ్యాఖ్య మాత్రమే, ఇంకొందరికి రెండూ ఇచ్చారు. తర్వాతి పనిలో మెరుగుపడ్డది వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ అందుకున్నవాళ్లు మార్కు చూసి వ్యాఖ్య వదిలేశారు. నిరంతర మూల్యాంకనం పేరుతో ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు (ఎఫ్.ఏ.లు) మన బళ్లలోకి వచ్చినప్పుడు ఆశయం ఇదే, చదువు సాగుతుండగానే లోపం కనిపెట్టి సరిదిద్దడం. అవి చిన్న సైజు పరీక్షలై, మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించే పనిగా తేలాయి. రోజుకు అయిదు పుస్తకాలు తీసుకుని ఒక్కో దాంట్లో ఒక్క వాక్యం రాయడం అన్ని పుస్తకాలకూ టిక్కులు పెట్టడంకన్నా వెయ్యి రెట్లు మేలు. ఆ మాట తనిఖీకి వచ్చేవాళ్లకు కూడా ఎవరైనా చెప్పాలి.

బట్టీ అంటే నాకు పడదు. బట్టీని తిట్టే ఫ్యాషన్ అంటే అంతకన్నా పడదు. ఎక్కాలు నోటికి రాని పిల్ల భాగాహారం మధ్యలో ఏడెనిమిదులెంతో వెతుక్కుంటూ అసలు లెక్క మరచిపోతుంది. అవధానిని చూడండి. పృచ్ఛకులకు తాను చెప్పిన పద్యాలన్నీ చివర్లో ధారణ చేసి అప్పజెబుతాడు, మధ్యలో కాగితం చూడడు. జ్ఞాపకంలోంచి బయటికి తీసే సాధనే అతన్ని అవధానిని చేసింది. రోడిగర్, కార్పికే 2006లో కాలేజీ విద్యార్థులకు ఒక పాఠ్యభాగం ఇచ్చారు. కొందరు దాన్ని మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత తారుమారైంది, చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంటే మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే మిగిలింది. కాలేజీవాళ్లు మన నాలుగో తరగతి పిల్లలు కారు, ఒప్పుకుంటాను. అయినా పీరియడ్ మొదటి అయిదు నిమిషాలు పుస్తకాలు మూయించి నిన్నటి నుంచి ఒకటి, పోయిన వారం నుంచి ఒకటి, పోయిన నెల నుంచి ఒకటి అడిగితే పోయేదేముంది? మార్కులు వేయకండి. మార్కులు పెట్టారంటే మళ్లీ కాపీలు మొదలవుతాయి.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్నకు వస్తాను. ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు. ఒక గదిలో మూడు, నాలుగు, అయిదు. అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవలేనివాళ్లు. ఈయన పలకలెత్తమంటున్నాడే!

ఎత్తమనేది అందుకే. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వే పరికరం ఒక్క కాగితం: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఒక్కో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తే ఎక్కడ ఆగిందో నిమిషాల్లో తెలుస్తుంది. రోజులో ఒక గంట తరగతుల గోడలు పక్కన పెట్టి, అక్షరాల దగ్గర ఆగినవాళ్లను ఒకచోట, పేరా దగ్గర ఆగినవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి చెప్పడం ప్రథమ్ పద్ధతి. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలు అనే పునాదిని పట్టుకుంది. ఇవి నిలబడేదీ పడిపోయేదీ ఆ గంట నిజంగా ఆ పనికే దక్కుతుందా అన్నదాని మీద. సిలబస్ పూర్తిచేయమని ఒక చేత్తో, పునాది చూడమని ఇంకో చేత్తో సర్క్యులర్లు పంపితే టీచరు దేనికి భయపడతాడో అదే చేస్తాడు.

మదనపల్లె దగ్గరి రిషీ వ్యాలీ చుట్టుపక్కల గ్రామాల బళ్లలో ఇంకో దారి తొక్కారు. పాఠ్యపుస్తకాన్ని చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి నిచ్చెన మెట్లలా పేర్చారు. ఏ పిల్ల ఏ మెట్టు మీదుందో ఆ పిల్లకే తెలుసు, తన కార్డు తానే తీసుకుంటుంది. టీచరు గుంపు నుంచి గుంపుకు తిరుగుతాడు. తమిళనాడు దీన్ని చూసి 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్లలో మొదలుపెట్టి తర్వాత రాష్ట్రమంతా విస్తరించింది. మనింటి విత్తనం పక్కింట్లో పెద్ద చెట్టైంది.

మనకు ఇంకో అధ్యాయమూ ఉంది. 1980ల్లో బ్రిటిష్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు సూత్రాలు మీలో సీనియర్లకు గుర్తుండే ఉంటాయి: టీచరు స్వయంగా కృత్యాలు రూపొందించడం, చేసి నేర్చుకోవడం, వ్యక్తిగతంగానూ జట్లుగానూ తరగతి మొత్తంగానూ పని చేయించడం, పిల్లల మధ్య తేడాల్ని గమనించడం, స్థానిక పరిసరాల్ని వాడుకోవడం, పిల్లలు చేసిన పనిని గోడకెక్కించడం. నాలుగు దశాబ్దాలైనా అందులో ఒక్కటీ పాతబడలేదు. చాలా బళ్లలో చివరికి మిగిలింది గోడ మీది చార్టులు. అవీ పిల్లలు చేసినవి కావు, బజార్లో కొన్నవి. తేడాల్ని గమనించడమన్న సూత్రం గోడకు అతికించేది కాదు గనక జారిపోయింది.

తరగతిని గమనించడం అంటే ఏమిటో గిజుభాయి "పగటికల"లో చదివే ఉంటారు, 1932లో గుజరాతీలో వచ్చిన పుస్తకం అది. అందులో మాస్టారు గొప్ప ప్రణాళికతో నాలుగో తరగతిలోకి అడుగుపెట్టి మొదటిరోజే మౌనంగా కూర్చునే ఆట ఆడించబోతాడు. పిల్లలు అల్లరితో దాన్ని చిత్తు చేస్తారు. ఆయన వాళ్లను తిట్టలేదు, ప్రణాళికను పక్కన పెట్టి మర్నాడు కథతో వచ్చాడు. ఆ మొదటిరోజు గోలలోనే ఆయనకు ఆ తరగతి ఎలాంటిదో తెలిసిపోయింది. లెసన్ ప్లాన్ రాసే చోట "ఇది చెడితే ఏం చేస్తాను" అన్న గడి ఒకటి ఉంటే బాగుండునని నాకు అనిపిస్తుంది.

టీచర్ల సమయం గురించి చెప్పకుండా ఇవన్నీ చెబితే అన్యాయం. మధ్యాహ్న భోజనం ఫొటో, ముఖం చూపించి హాజరు, ఓటర్ల జాబితా, రోజుకో లింకు. 52 లోంచి 27 తీస్తే 35 ఎందుకు వచ్చిందో ఆలోచించడానికి ఖాళీ బుర్ర కావాలి. అది ఏ యాప్‌లోనూ అప్‌లోడ్ అయ్యేది కాదు గనక దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

చివరిగా ఒక పని అప్పజెప్పి కూర్చుంటాను. వచ్చే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి పవర్‌పాయింట్ తీసుకురాకండి. మీ తరగతిలో ఎక్కువమంది రాసిన తప్పు జవాబు ఒక్కటి, పిల్లల పేర్లు లేకుండా, కాగితం మీద తీసుకురండి. దాన్ని పక్క బడి టీచరుకు ఇచ్చి, ఈ పిల్ల ఏ నియమం పాటిస్తే ఈ జవాబు వస్తుందో చెప్పమనండి. మొదటి కాగితం మీదే వాదన మొదలవుతుంది, మొదలవనివ్వండి. తేలిన నియమాన్నీ, దానికి ఎవరెవరు ఏం చేసి చూశారో, అందులో ఏది పనిచేసిందో అదే కాగితం వెనక రాసి ఫైల్లో పెట్టండి. ఏడాది తిరిగేసరికి మీ మండలం పిల్లలు ఎలా ఆలోచిస్తారో చెప్పే పుస్తకం ఒకటి తయారవుతుంది. కొత్తగా చేరే టీచరు చేతిలో మొదటిరోజు దాన్ని పెట్టండి.